కిటికీ వైపు బుగ్గ

మా మరదలి కుడిబుగ్గ ఎడమబుగ్గకు పెద్దక్క. రెండింటికీ ఇరవై ఏళ్ల తేడా. ఒకే తల్లి కడుపున, ఒకే పూట పుట్టిన బుగ్గలకు అంత తేడా ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, ఎడమబుగ్గ మధ్యలో కొన్నేళ్లు వయసు పెరగడం మానేసిందని చెబుతాను.

సరే, ఇరవై ఎక్కువే. మా ఆవిడ పక్కగదిలోంచి దగ్గుతోంది కాబట్టి పదిహేనుకు దించుతున్నాను. మానేసిందన్నదీ పూర్తి నిజం కాదు. నీడపట్టున కూర్చుంది, అంతే. కానీ ఒక మొహానికి రెండు వయసులున్న మాట మాత్రం అబద్ధం కాదు. కుడివైపు నుంచి చూసినవాళ్లు లేచి ఆమెకు కుర్చీ ఇచ్చేవారు. ఎడమవైపు నుంచి చూసినవాళ్లు "చెల్లెమ్మా" అని పిలిచేవారు. ఎదురుగా చూసినవాళ్లు ఏమనాలో పాలుపోక టైమెంతయిందని అడిగి వెళ్లిపోయేవారు.

ఆమె మా ఆవిడ చెల్లెలు. సిటీ బస్సు డ్రైవరు. పేటలో అందరికీ స్టీరింగు పిన్ని. మా మామగారు లారీ నడిపేవాడు. పెద్దకూతుర్ని బడికి పంపి, చిన్నకూతుర్ని లారీకి పంపాడని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. ఆ మాటలో గర్వం పాలెంతో, కుళ్లు పాలెంతో నలభై ఏళ్ల కాపురంలో నేను తేల్చుకోలేకపోయాను. చిన్నదానికి క్లచ్చు అందని వయసులోనే గేర్ల లెక్క నోటికొచ్చు. పెళ్లి ఒక దర్జీతో అయింది. సందు మొదట్లో ఆయన కొట్టు. ఎప్పుడు చూసినా నోట్లో గుండుసూదులు ఉండేవి కాబట్టి ఆ మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్న దాఖలాలు లేవు.

ఆమె డిపోలో చేరిన రోజు గురించి చెప్పాలి. తక్కినదంతా దాన్నించే వచ్చింది. డిపో హాల్లో ఒక మూలన ఎంక్వైరీ కిటికీ ఉండేది. గాజుపలకకు చేతివెడల్పు కన్నం, లోపల ఒక స్టూలు, కిర్రుమనే ఫ్యాను. చూపు తగ్గినవాళ్లనీ నడుం పడిపోయినవాళ్లనీ అక్కడ కూర్చోబెట్టేవారు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పడమే పని, అదీ ఎవరికీ సరిగ్గా తెలియదు. ముసలి సూపర్‌వైజరొకాయన కొత్త డ్రైవర్ల వరసలో ఈమెను చూసి, ఆర్నెల్లు తిరక్కుండా ఈవిడ ఆ కిటికీలో తేలుతుంది, కావలిస్తే పందెం అన్నాట్ట. నవ్వులు కూడా పడ్డాయట. ఈమె వినబడనట్టు ఊరుకుంటే మా మామగారి కూతురెందుకవుతుంది?

"రిటైరయ్యే రోజున దిగుతాను ఆ సీట్లోంచి. నా కాళ్లమీద దిగుతాను. అంతదాకా ఆ కిటికీకి వేరే ఎవర్నైనా చూసుకోండి" అంది.

పందెం కాసిన పెద్దమనిషి ఎప్పుడో పోయాడు. ఈమె మాత్రం ఆ పందెం వదల్లేదు.

ఆమె రూటు తిన్నగా ఉత్తరానికి వెళ్లి, తిన్నగా దక్షిణానికి వచ్చేది. పొద్దున పోయేటప్పుడు సూర్యుడు తూర్పున, అంటే ఆమె కుడిచేతి కిటికీలో. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు పడమట, అంటే మళ్లీ ఆ కుడిచేతి కిటికీలోనే. సూర్యుడికి వేరే పనే లేనట్టు రెండు పూటలా ఆ ఒక్క బుగ్గనే పట్టుకున్నాడు. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మా కాన్వెంటులో సిస్టరు చెప్పేది, నమ్మనివాణ్ణి బెత్తంతో నమ్మించేది. బెత్తమూ సరళరేఖలోనే వచ్చేది. ఏళ్లు గడిచేసరికి ఆ బుగ్గమీద గోధుమరంగు మచ్చలు లేచాయి. కంటికొసనుంచి దవడదాకా ముడతలు దిగాయి. ఎడమబుగ్గ మటుకు ఇంజను వైపు నీడలో కూర్చుని, దొరసానిలా నున్నగా ఉండిపోయింది.

రూటు మార్చుకోమని ఎందరో చెప్పారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం ఆమె. ఆ రూటులో ఏ గుంత ఎప్పుడు పుట్టిందో తనకు తెలుసట, వేరేవాళ్ల చేతికిస్తే బండి నడుం విరుగుతుందట.

రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా గొడవ మొదలైంది. కంపెనీ వార్షికోత్సవానికి బస్సుల వెనక పెద్ద బొమ్మలు వేయిద్దామని డిపో మేనేజరు తలపెట్టాడు. అందరికంటే ముందు చేరిన ఆడ డ్రైవరు మొహమైతే బాగుంటుందన్నాడు. ఫోటోగ్రాఫరు వచ్చి, కుండ కొనేవాడిలా ఆమె తలను అటు తిప్పి ఇటు తిప్పి, ఎటునుంచి తీసినా ఇద్దరు మనుషులు పడుతున్నారని చేతులెత్తేశాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. మెత్తటి గొంతు. ఆయనకొక అలవాటుంది: చెడ్డకబురు చెప్పాలంటే ముందు కుర్చీ వేస్తాడు. కుర్చీ వేశాడంటే కొంప మునిగినట్టేనని డిపో అంతా చెప్పుకునేవారు. ఈమెకు కుర్చీ వేసి, మీ అమ్మాయి చర్మం ఆసుపత్రిలోనే చేస్తోంది కదా, ఆ మచ్చలూ అవీ కొంచెం సరిచేయించుకుంటే బొమ్మ బాగా వస్తుందని నసిగాడట. దానికి ఈమె, బొమ్మ బాగా రావాలంటే బొమ్మనే పెట్టుకోమని లేచి వచ్చేసింది.

వచ్చేసిందే గాని, ఇంట్లో కూతురు కాసుకుని ఉంది.

ఆ పిల్ల చర్మం డాక్టరు దగ్గర సహాయకురాలు. ఆ డాక్టరమ్మ అప్పుడొక పరీక్ష మొదలుపెట్టింది. మొహం నిగారింపు కోసం జనం రెండు రకాల వైద్యాలకు ఎగబడుతున్నారు, ఒకటి లైటుతో, ఒకటి లేజరుతో. ఏది దేనికి పనికొస్తుందో తేల్చాలని. ఒకరికి లైటు, ఇంకొకరికి లేజరు చేసి పోల్చితే కుదరదు, ఎవరి చర్మం వారిది. అందుకని ఒకే మొహంలో ఒక సగానికి ఇది, రెండో సగానికి అది. దానికి ఇంకా మొహాలు కావాలి. ఈ పిల్ల తల్లిని రమ్మంది.

ఆ రెండింటికీ తేడా ఏమిటో దర్జీకొట్లో కూర్చుని ఆ పిల్ల మాకు విప్పి చెప్పింది. "అమ్మా, లైటంటే ఆర్డినరీ బస్సనుకో. రకరకాల రంగుల వెలుగు కలిసి వెళుతుంది. మచ్చ దగ్గర ఆగుతుంది, ఎర్రటి నరం దగ్గర ఆగుతుంది, అన్ని స్టాపుల్లోనూ కొంచెం కొంచెం దించుతుంది. లేజరు ఎక్స్‌ప్రెస్. ఒక్కటే రంగు. పెట్టుకున్న స్టాపు దాకా ఎక్కడా ఆగదు, లోపలికి పోయి అక్కడే పని చూస్తుంది. ముడతలకది మేలు. కానీ చర్మం మానడానికి రోజులు పడుతుంది."

"మరి మనలాంటి చామనఛాయ వాళ్లకి?" అని అడిగాను.

"అక్కడే జాగ్రత్తగా ఉండాలి పెదనాన్నా. లైటుకి మచ్చేదో, ఒంటిరంగేదో ఒక్కోసారి తెలియదు. ఎక్కువ పెడితే మామూలు చర్మాన్నీ కాలుస్తుంది. లేజరులోనూ నల్లబడే భయం ఉంటుంది. అందుకే ముందు చెవి వెనక కొంచెం చేసి చూస్తారు."

మా మరదలు ఎగిరిపడుతుందని నేను వేడుకగా కాచుకున్నాను. ఆమె సరేనంది. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక తల్లిని నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదేనట. దర్జీ బడిపిల్లల యూనిఫారాల్లో పీకలదాకా మునిగి ఉన్నాడు కాబట్టి తోడుగా నేను వెళ్లాను. పిలవని పేరంటానికి వెళ్లడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఆసుపత్రి తెల్లగా, చల్లగా, కూరలు దాచే పెట్టెలా ఉంది. గోడలకు 'ముందు', 'తర్వాత' అని ఫోటోలు. 'ముందు' మొహాలన్నీ అప్పులవాడు వచ్చినట్టున్నాయి, 'తర్వాత' మొహాలన్నీ నవ్వుతున్నాయి. సగం వైద్యం ఆ నవ్వులోనే ఉందని నా అనుమానం. నా బట్టతలకు కూడా కాస్త లైటు వేస్తారా అని డాక్టరమ్మను అడిగాను. దానిమీద వేస్తే తిరిగొచ్చి తన కళ్లలోనే పడుతుందని ఆవిడ నవ్వకుండా చెప్పింది. ఆ క్షణమే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

చెవి వెనక పరీక్ష ముందే అయిపోయింది, చర్మం తట్టుకుంది. డాక్టరమ్మ కుడిబుగ్గ మచ్చల్ని భూతద్దంతో ఒక్కొక్కటిగా చూసి, ఎండ మచ్చలే, రోగమేమీ లేదంది. తర్వాత మొద్దుబార్చే క్రీము మొహమంతా పూశారు. వెల్ల వేసిన గోడలా మా మరదలు బల్లమీద పడుకుంది. ఎడమసగానికి లైటు, కుడిసగానికి లేజరు అని వంతులు పడ్డాయి. అప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పడం మొదలెట్టింది. లేజరు చేసిన చోట వారంపాటు ఎర్రగా, గరుకుగా ఉంటుంది. లైటు చేసిన చోట అంత ఉండదు. దేనికైనా సరే, ఎండ తగలకూడదు, కొన్ని నెలలపాటు. తగిలితే ఉన్న మచ్చలకు కొత్తవి తోడవుతాయి.

"నెలలంటే కుదరదు డాక్టరమ్మా. నాది కిటికీ పక్క ఉద్యోగం" అంది మా మరదలు పడుకునే.

కూతురు యంత్రం తుడుస్తూ, తలెత్తకుండా అంది: "ఫరవాలేదు మేడమ్. అమ్మ ఇంక బస్సెక్కదు. ఎంక్వైరీలో వేస్తామని మేనేజరుగారు ఒప్పుకున్నారు."

మా మరదలు లేచి కూర్చుంది. అంత క్రీము పూసిన మొహంలో కోపం కనబడటానికి చోటేదీ, కళ్లు తప్ప. ఆ కళ్లు చాలు.

"ఎప్పుడు ఒప్పుకున్నాడు?"

"పోయిన వారం." పిల్ల తుడిచిన యంత్రాన్నే మళ్లీ తుడిచింది. "నీ మంచికేగా అమ్మా. ఇంకా ఎన్నాళ్లు ఆ ఎండలో? ఈ ఏడాదిన్నరా నీడలో కూర్చుంటే ఏం పోయింది?"

ఏం పోయిందో ఆ గదిలో నాకూ తెలుసు, ఆ పిల్లకూ తెలుసు. ఇప్పుడిక క్రీము తుడిచేసుకుని బయటికి నడుస్తుందని నేను గొడుగు కూడా చేతిలోకి తీసుకున్నాను. ఆమె కదల్లేదు. ఇరుకుసందులో బండి మలిపేముందు ఎలా చూస్తుందో అలా కాసేపు గోడవైపు చూసి, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఎండ తగలకూడనిది చేసిన చోటికా, మొహం మొత్తానికా?"

"చేసిన చోటికే."

"అయితే రెండూ ఈ ఎడమబుగ్గకే చెయ్యండి. పైన అది, కింద ఇది. దీనికి నా సీట్లో ఎండ రాదు."

డాక్టరమ్మ ఒకసారి ఆ బుగ్గ, ఒకసారి ఈ బుగ్గ చూసింది. చూసి నుదురు కొట్టుకుంది. అసలీ రెండు బుగ్గల్నీ ఒకదానితో ఒకటి పోల్చడానికి తానెలా ఒప్పుకున్నానా అనిపించిందట ఆవిడకు. ఇద్దరు మనుషుల మొహాలు పోల్చినట్టే కదా. ఒకే బుగ్గలో పైనా కిందా చేస్తే ఆ తప్పుండదు, కానీ ఇది వేరే లెక్కలో రాసుకుంటానంది. ఒప్పుకోనిది కూతురే.

"అమ్మా, పాడైంది ఆ బుగ్గ. బాగున్నదానికి చేయించుకుంటే ఎవరైనా నవ్వుతారు."

"పాడైందని ఎవరన్నారు? దానికి రోగం లేదని ఇప్పుడే కదా మీ మేడమ్ చెప్పింది. అది ఇన్నేళ్లూ ఉద్యోగం చేసింది. ఇదే ఊరికే కూర్చుని తింది. మీ మెషీన్లతో కావలిస్తే దీనికి బుద్ధి చెప్పండి."

కళ్లకు కట్టే నల్లద్దాలు ఆ పిల్లే తల్లికి తొడిగింది. తొడిగేటప్పుడు చెవిదగ్గర వెంట్రుకలు నొక్కుకోకుండా పక్కకు తీసింది. నేను చూశాను.

ముందు లైటు. బుగ్గ పైభాగాన చల్లటి జెల్ రాసి, గాజుమొన ఆనించి మీట నొక్కితే గదంతా ఫెళ్లున మెరిసేది. ఎలా ఉందని అడిగితే, రబ్బరుబ్యాండుతో కొట్టినట్టుంది, ఎదురుబండివాడు హెడ్‌లైటు మార్చి కొట్టినా ఇంతేనంది. తర్వాత దవడ వైపు లేజరు. అది మెరవదు, టిక్కు టిక్కుమంటూ సన్నసన్న చుక్కలు పొడుస్తుంది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఆమె బల్ల అంచును గేరురాడ్‌లా పట్టుకుని ఉంది గాని మూలగలేదు. నేనే బయటికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

వారం రోజులు సెలవు పెట్టింది. బుగ్గ పైభాగం రెండ్రోజుల్లో మామూలైంది, అక్కడక్కడా ఉన్న చిన్న మచ్చలు మాత్రం కాఫీపొడి చల్లినట్టు నల్లబడి తర్వాత రాలిపోయాయి. కిందిభాగం ఉప్పుకాగితంలా గరుకై, పొట్టు లేచింది. అది తగ్గాక తిరిగి డ్యూటీకి బయల్దేరింది. కిటికీ వైపు ఎండ రాకపోయినా ముందు అద్దంలోంచి కాస్తయినా వస్తుందని, దానికి అడ్డం పెట్టమని డాక్టరమ్మ షరతు. దర్జీ ఒంటిబుగ్గకు సరిపడా గుడ్డముసుగు కుట్టాడు, ఒక చెవికి తగిలించి ముక్కు పక్కన అంటించుకునేలా. కంటికింద వంపుగా కత్తిరిస్తుంటే, అంత వంపెందుకని నేనడిగాను. ఆయన నోట్లోంచి సూదులన్నీ తీసి చేతిలో పెట్టుకుని, "ఎడమ అద్దం కనబడాలి కదండీ" అని, మళ్లీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు. ఆ మనిషి నాతో మాట్లాడిన అతిపెద్ద మాట అది.

మేనేజరు ఆమెను చూస్తూనే కుర్చీ వేశాడు. ఈమె కూర్చోలేదు.

"సెలవు అయిపోయింది సార్. బండి ఇవ్వండి."

"మీకు ఎండ తగలకూడదు కదమ్మా. మీ అమ్మాయే చెప్పింది."

"తగలకూడని బుగ్గకి తగలదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడగండి. నేనిక్కడే నిలబడతాను."

ఆయన చేశాడు. అవతలినుంచి ఏం వినబడిందో గాని, ఫోను పెట్టేశాడు. మరి బొమ్మ సంగతేమిటని, ఓడిపోయే ముందు ఆఖరి పావు కదిపినట్టు అడిగాడు.

"బస్సు బయట నిలబడి కిటికీలోంచి తీయించండి. నా ఉద్యోగం అటునుంచే కనబడుతుంది" అంది.

తీయించాడు, వేరే దారి లేక. మోచెయ్యి కిటికీమీద, చూపు రోడ్డుమీద, మచ్చలూ ముడతలతో సహా నిండు కుడిబుగ్గ. ఊళ్లో ఏ బస్సు వెనక ఇరుక్కున్నా ఆ బుగ్గే ఎదురయ్యేది. దాన్ని చూసి ఒకాయన బ్రేకు వేసి నమస్కారం పెట్టాడని అందరికీ చెబుతుంటాను. ఆ ఒకాయన నేనే, బ్రేకు సైకిలుది.

పరీక్ష ఏమైందని అడుగుతారేమో. లైటు ఒక్కసారితో తేలలేదు, మధ్యమధ్య ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఆ భాగంలో రంగు తేటపడింది, చిన్నచిన్న మచ్చలు పోయాయి. సన్నగీతలు మాత్రం ఎక్కడివక్కడే. లేజరు చేసినచోట గీతలు తగ్గి చర్మం బిగిసింది. కానీ అక్కడ నీడలాంటి నలుపొకటి దిగి, కాలం మారేదాకా వదల్లేదు. రెండిట్లో ఏది గెలిచినట్టని నేను తగాదాకోరులా అడిగితే, ఎక్కడ దిగాలో తెలియకుండా ఏ బస్సు మంచిదంటే ఏం చెప్పమంటారని డాక్టరమ్మ అంది. మా పిల్ల దగ్గర నేర్చుకున్న మాటే. ఇంకొకటి కూడా అంది: ఈ యంత్రాలకంటే ముందు ఆమె కిటికీకి ఒక తెర కావాలని. తెర కట్టారు. వారానికల్లా గాలాడటం లేదని ఈమె పీకేసింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, కుడిబుగ్గ దాని దారిన అది ముదురుతూ ఉంటే, ఎడమబుగ్గ ఇంకాస్త పడుచుదైంది. ఇప్పుడు ఇరవై ఏళ్ల తేడా అని నేనంటే మా ఆవిడ దగ్గదు.

ఆఖరి రోజు ఆఖరి ట్రిప్పులో మేమందరం ఎక్కాం. కుడివైపు కిటికీ సీటు కోసం నేను వెళ్లేసరికి అందులో మా పిల్ల కూర్చుని ఉంది, తల్లి సీటుకు సరిగ్గా వెనక. ఎండ మొహాన కొడుతున్నా కిటికీ తలుపు వేసుకోలేదు. నీ బుగ్గ కూడా పాడవుతుందే అన్నాను. అవనీ పెదనాన్నా అంది.

బండి డిపోలోకి తెచ్చి, గీతకు సరిగ్గా ఆపి, ఇంజను కట్టేసి, మా మరదలు సీట్లోంచి దిగింది. ఎవరో చెయ్యి అందించారు, పట్టుకోలేదు. తన కాళ్లమీద తిన్నగా హాల్లోకి నడిచి, ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడింది. కన్నంలోకి వంగి, లోపలున్న నడుంనొప్పి పెద్దమనిషిని, మా పేట వైపు తర్వాతి బస్సు ఎప్పుడండీ అని అడిగింది. ఆయన తెలియదన్నాడు. డిపో మొత్తం నవ్వింది. ఈసారి నవ్వు ఎవరిమీదో అందరికీ తెలుసు. అందరికంటే గట్టిగా మేనేజరు నవ్వాడని చెబితే మీరు నమ్మరు గాని, ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇదంతా రాసి, మొన్న ఆమెకు చదివి వినిపించాను. కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, కుడిబుగ్గ ఎండకు ఇచ్చి, కదలకుండా ఆసాంతం విన్నది. ఒలిచిన తొక్కలు నా కాగితాల మీద పోసి, అప్పుడంది:

"ఒక్క ముక్క నిజం లేదు బావగారూ. నేను ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు, నా మొహాన ఏ లైటూ పడలేదు. నా రెండు బుగ్గలూ ఒక్కలాగే ఉంటాయి, పుట్టినప్పట్నుంచీ."